చెంచాడు చక్కెర, పద్నాలుగు కిలోల కొవ్వు

పోయినేడాది మా మేనమామకి ఫుల్ బాడీ చెకప్ చేయించాం. రిపోర్టు వాట్సాప్‌లో రాగానే ఇంట్లో అందరి వేళ్ళూ ఒక్క లైను దగ్గరే ఆగాయి: ఫాస్టింగ్ షుగర్ 118. "హమ్మయ్య, బోర్డరేలే" అని అత్తయ్య ఊపిరి పీల్చుకుని ఆ సాయంత్రం నుంచే కాఫీలో చక్కెర ఆపేసింది, అంతటితో ఆ రిపోర్టు పని అయిపోయింది. అదే రిపోర్టు రెండో పేజీలో ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే కొవ్వు) 264 అని, చివరి పేజీలో అల్ట్రాసౌండ్ కింద "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అని ఉన్నాయి. వాటి సంగతేంటని నేనడిగితే మామయ్య "అది అందరికీ ఉండేదేరా" అని కొట్టిపారేశాడు.

ఆయన్ని అనడానికేం లేదు. జబ్బు పేరే షుగర్. కొంచెం పద్ధతిగా మధుమేహం అన్నా తేడా లేదు, అది తేనెలాంటి మూత్రం గురించి చెప్పే మాటే. సుశ్రుతుడి కాలం నుంచి వైద్యులు చూసింది ఆ తీపినే, పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళు "దొడ్లో చీమలు పడుతున్నాయి, ఓసారి చూపించుకో" అన్నదీ దాన్ని పట్టుకునే. పేరు ఎటు చూపిస్తే మన చూపు అటే పోతుంది. సరిగ్గా ఈ చూపు మీదే పేచీ పెట్టిన బయోకెమిస్ట్ ఒకాయన ఉన్నాడు, డెనిస్ మెక్‌గారీ. ఇంగ్లండ్ నుంచి వెళ్ళి, అమెరికాలో డల్లాస్‌లోని యూటీ సౌత్‌వెస్టర్న్ మెడికల్ స్కూల్లో మూడు దశాబ్దాలకు పైగా కొవ్వు మీదే పనిచేశాడు. 1992లో సైన్స్ పత్రికలో ఆయన రాసిన వ్యాసం శీర్షికే ఒక ప్రశ్న: మింకోవ్‌స్కీకి నాలుక మీద రుచి తెలియకపోయి ఉంటే ఏమయ్యేది?

మింకోవ్‌స్కీ ఎవరంటారా? 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆస్కార్ మింకోవ్‌స్కీ, యోసెఫ్ ఫాన్ మెరింగ్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక కుక్కకి క్లోమం (పాంక్రియాస్) తీసేశారు. ఆ కుక్క ఊరికే ఊరికే మూత్రం పోయడం మొదలుపెట్టింది. చూస్తే ఆ మూత్రం నిండా చక్కెర. నిజంగా నాలుక మీద వేసుకుని చూశాడా అన్నది అలా ఉంచండి, తేలింది మాత్రం చక్కెర అని. అక్కడి నుంచి లెక్క స్థిరపడిపోయింది: క్లోమంలో ఉన్నదేదో చక్కెరని అదుపులో ఉంచుతోంది, అది లేకపోతే చక్కెర పెరుగుతుంది, కాబట్టి ఇది చక్కెర జబ్బు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ దొరికింది. మరుసటి జనవరిలో చావుకు దగ్గరగా ఉన్న లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి ఇచ్చారు, కుర్రాడు లేచి కూర్చున్నాడు. దాంతో ఆ లెక్క ఇంకా గట్టిపడింది.

మెక్‌గారీ అడిగిందల్లా ఒకటే. అదే కుక్క ఊపిరిలో ఇంకొకటి కూడా ఉండి ఉంటుంది కదా, అసిటోన్ వాసన. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం వాసన, లేదా బాగా మగ్గిపోయిన పళ్ళ వాసన. మింకోవ్‌స్కీకి నాలుక పనిచేయక, ముక్కు మాత్రం బాగా పనిచేసి ఉంటే మొదట పట్టుకునేది దాన్నే. అసిటోన్ కొవ్వు నుంచి పుడుతుంది. అప్పుడాయన "క్లోమం తీసేస్తే కొవ్వు అదుపు తప్పుతోంది" అని రాసి ఉండేవాడు. వందేళ్ళ పాఠ్యపుస్తకాలు వేరే వరసలో వచ్చి ఉండేవి.

చమత్కారంగా అనిపిస్తుంది కానీ ఒకసారి కాకి లెక్క వేసి చూడండి. మనిషి ఒంట్లో రక్తం సుమారు ఐదు లీటర్లు. డెసిలీటరుకి 100 మిల్లీగ్రాముల చొప్పున గ్లూకోజు ఉంటే మొత్తం రక్తంలో ఉన్నది 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు. షుగర్ 250 ఉన్నవాడికి పన్నెండు గ్రాములు చిల్లర. లివర్‌లో, కండరాల్లో గ్లైకోజెన్‌గా దాచుకున్నదంతా కలిపినా అర కిలో చుట్టుపక్కలే. అదే డెబ్బై కిలోల మనిషికి ఐదో వంతు కొవ్వు అనుకున్నా పద్నాలుగు కిలోలు, లక్ష క్యాలరీలు దాటిన నిల్వ. ఇన్సులిన్ అనేది ఈ మొత్తం ఇంటికి యజమానురాలు. మనమేమో ఆవిడ చేతిలోని చక్కెర డబ్బా ఒక్కటే చూసి ఆవిడ పనంతా అదే అనుకుంటున్నాం.

పైగా ఇన్సులిన్‌కి అన్నిటికన్నా త్వరగా లోబడేది కొవ్వు కణమే. కండరంలోకి గ్లూకోజు వెళ్ళాలంటే ఇన్సులిన్ గట్టిగానే పెరగాలి. కొవ్వు కణం నుంచి ఫ్యాటీ యాసిడ్లు (కొవ్వు విడిపోతే వచ్చే ముక్కలు) బయటికి రాకుండా ఆపడానికి మాత్రం ఏ కొంచెం ఉన్నా చాలు. టైప్ 2 వాళ్ళకి, అంటే ఇన్సులిన్ ఉన్నా అది సరిగ్గా పనిచేయనివాళ్ళకి, షుగర్ 350 దాటినా మామూలుగా కీటోన్లు (కొవ్వు నుంచి లివర్ తయారుచేసేవి, ఆ అసిటోన్ వీటిలో ఒకటి) రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే, ఒంట్లో మిగిలిన ఆ కాస్త ఇన్సులిన్ కొవ్వు గేటుని పట్టుకుని ఉంటుంది. టైప్ 1 పిల్లల్లో ఆ కాస్త కూడా ఉండదు. అప్పుడు కొవ్వు కట్టలు తెంచుకుని లివర్ మీద పడుతుంది, లివర్ దాన్ని కీటోన్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది, రక్తం ఆమ్లమైపోతుంది, పిల్లాడు ఎగశ్వాస తీస్తూ ఎమర్జెన్సీకి వస్తాడు. ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోయిన మనిషి ప్రాణాన్ని ముందు తీసేది చాలాసార్లు ఈ కీటోన్లే, ఆ గందరగోళంలో షుగర్‌ది నీళ్ళు పీల్చేసే పాత్ర.

మెక్‌గారీ కెరీర్ మొదలైంది ఈ కీటోన్ల దగ్గరే. 1960ల చివర్లో డల్లాస్‌లో డేనియల్ ఫోస్టర్ అనే డాక్టర్‌తో కలిశాడు, ఒకాయన కెమిస్ట్రీ మనిషి, ఇంకొకాయన పేషెంట్ మంచం దగ్గరి మనిషి, ఆ జోడీ చివరిదాకా కొనసాగింది. వాళ్ళ ముందున్న చిక్కు ఇది. బాగా తిన్న ఎలుక లివర్‌ని తీసుకుని దానిలోకి ఫ్యాటీ యాసిడ్ పంపితే, లివర్ దాన్ని ట్రైగ్లిజరైడ్‌గా కట్టి దాచుకుంటుంది. పస్తున్న ఎలుక లివర్‌కి అదే ఫ్యాటీ యాసిడ్, అంతే మోతాదులో ఇస్తే కీటోన్లు చేస్తుంది. సరుకు అదే, అవయవం అదే, ఒకచోట గోదాములోకి పోతోంది, ఇంకోచోట పొయ్యిలోకి పోతోంది. ఎవరు చెప్తున్నారు లివర్‌కి?

వాళ్ళు చేసిన ప్రయోగంలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. పొడవాటి ఓలియిక్ యాసిడ్ (మన వంటనూనెల్లో ఉండేదే) ఇస్తే పైన చెప్పిన తేడా స్పష్టంగా కనిపించింది. ఎనిమిది కార్బన్ల పొట్టి ఆక్టనోయిక్ యాసిడ్ ఇస్తే (కొబ్బరినూనెలో కొంత ఉంటుంది) తిన్న ఎలుక లివర్ కూడా దాన్ని బాగానే కాల్చి కీటోన్లు చేసేసింది. ఈ రెండిటికీ తేడా ఎక్కడుందంటే, కొవ్వుని కాల్చే పొయ్యి కణంలో మైటోకాండ్రియా అనే చిన్న గది లోపల ఉంటుంది, పొడవాటి ఫ్యాటీ యాసిడ్లు దాని గోడ వాటంతటవే దాటలేవు. గోదావరి మీద సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వెళ్ళినట్టు, కార్నిటైన్ అనే పంటు ఎక్కాలి. ఇవతలి ఒడ్డున పంటు ఎక్కించే ఎంజైమ్ పేరు సీపీటీ-1, అవతల దించేది సీపీటీ-2. పొట్టి ఫ్యాటీ యాసిడ్లు మాత్రం ఈదుకుంటూ వెళ్ళిపోతాయి. ఈదేవాళ్ళకి అడ్డు లేదు, పంటు కోసం వచ్చినవాళ్ళే ఆగిపోతున్నారంటే పొయ్యి బాగానే ఉన్నట్టు, కిటుకంతా రేవు దగ్గర ఉన్నట్టు.

సరే, రేవుని మూసేది ఎవరు? గ్లైకోజెన్ ఏమో అని కొన్నాళ్ళు, కార్నిటైన్ నిల్వ ఏమో అని కొన్నాళ్ళు వెతికారు. చివరికి దారి చూపించింది ఒక అద్దం బొమ్మ. లివర్ కొత్త కొవ్వు తయారుచేయడం ఎప్పుడు ఎక్కువైతే అప్పుడు కీటోన్లు తగ్గుతున్నాయి, అది తగ్గితే ఇవి పెరుగుతున్నాయి. అయితే కొవ్వు తయారీలో వాడే ముడిసరుకుల్లోనే ఏదో ఒకటి రేవు దగ్గర కాపలా కాస్తుండాలి కదా అని వెతికితే దొరికింది మలోనైల్ కోఏ. అప్పటిదాకా పుస్తకాల్లో దానికి ఉన్న గుర్తింపు ఒక్కటే, చక్కెర నుంచి కొవ్వు కట్టేటప్పుడు వేసే మొదటి ఇటుక. మెక్‌గారీ, ఫోస్టర్, బెల్జియం నుంచి వచ్చిన గై మన్నార్ట్స్ ముగ్గురూ 1977లో చూపించింది ఏమిటంటే ఆ ఇటుకే తాళం కూడా. తిన్నాక ఇన్సులిన్ పెరుగుతుంది, మలోనైల్ కోఏ పోగవుతుంది, అది సీపీటీ-1కి అడ్డం పడుతుంది, కొవ్వు కాలడం ఆగి దాచుకోవడం మొదలవుతుంది. పస్తుంటే ఇన్సులిన్ తగ్గుతుంది, గ్లూకగాన్ అనే ఎదురు హార్మోన్ పైచేయి అవుతుంది, ఇటుకలు అయిపోతాయి, రేవు తెరుచుకుంటుంది. ఏకాదశి నాడు కటిక ఉపవాసం ఉండే మా అమ్మమ్మ మర్నాడు పొద్దున కూడా తెలివిగా పంచాంగం చదువుతోందంటే ఆ ఇంధనంలో కొంత వాటా ఈ రేవు దాటి వచ్చిన కొవ్వుదే. కీటోన్లు విషం కాదు, ఇన్సులిన్ బొత్తిగా లేనప్పుడు వాటికి అంతు లేకపోవడమే ప్రమాదం.

ఒక గోడ కడుతూ అదే గోడని అదే పూట కూల్చకూడదన్న ఇంగితం కణానికి ఎలా వచ్చిందో ఒక్క అణువుతో చెప్పేశారు. బయోకెమిస్ట్రీలో ఇంత పొందికైన జవాబులు అరుదు. (చిన్న పక్కదారి: ఇలాంటి కొవ్వు ల్యాబుల్లో ఫాస్ఫరస్ ఉన్న కొవ్వులైన ఫాస్ఫోలిపిడ్లని కొలవడానికి దశాబ్దాల పాటు వాడుతూ వచ్చిన పద్ధతికి మూలం 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు కట్టిన ఫాస్ఫరస్ కొలత. ఆయన్ని మనం మందుల గురించి మాత్రమే తలుచుకుంటాం.)

ఇక్కడిదాకా కథ టైప్ 1ది. మామయ్య రిపోర్టుకి దీంతో పనేంటి అంటే, 1992 వ్యాసం అసలు గురి టైప్ 2 మీదే. టైప్ 2లో ముందు పాడయ్యేది చక్కెర, దాని వెనకాల కొవ్వు చెడుతుంది అని అందరూ అనుకుంటున్న రోజుల్లో మెక్‌గారీ వరస తిరగేసి చూడమన్నాడు. మొదట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటుంది, అది లివర్ చేత కొవ్వు కట్టిస్తుంది, ఆ కొవ్వు ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి వెళ్ళి కండరాల్లో మేట వేస్తుంది, అప్పుడు కండరం ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది, షుగర్ పెరగడం అన్నది ఆఖరున వచ్చే సంగతి. అంతకుముందు 1963లోనే ఇంగ్లండ్‌లో ఫిలిప్ రాండిల్ బృందం కండరం కొవ్వు కాలుస్తుంటే చక్కెరని పక్కన పెడుతుందని చూపించింది, కాబట్టి ఊహ గాలిలోంచి ఊడిపడలేదు. కానీ రుజువు కావాలి.

1990ల చివర్లో బతికున్న మనిషి కండరంలో కొవ్వు ఎంతుందో కోత లేకుండా ఎమ్మారై యంత్రంతో కొలవడం కుదిరింది. చూస్తే కండర కణాల లోపల కొవ్వు ఎంత ఉంటే ఇన్సులిన్‌కి మొండికేయడం అంత ఎక్కువ. డల్లాస్ బృందం 2001లో ఇంకో అడుగు వేసి ఎటోమాక్సిర్ అనే మందుతో ఎలుకల్లో ఆ రేవుని కొన్ని వారాలు మూసేసింది. కాలాల్సిన కొవ్వు కండరంలో పోగుపడింది, ఎలుకలకి ఇన్సులిన్ పట్టు తగ్గిపోయింది. అదే సమయంలో యేల్‌లో జెరాల్డ్ షుల్మన్ బృందం ఆ పోగుపడిన కొవ్వులో డయాసిల్‌గ్లిజరాల్ అనే రకం ఇన్సులిన్ సంకేతం లోపలికి పోయే తీగని ఎలా తెంపుతుందో చూపిస్తూ వచ్చింది. క్లోమంలో ఇంకా విచిత్రం. పస్తున్న ఎలుకల రక్తంలో ఫ్యాటీ యాసిడ్లని బొత్తిగా తగ్గించేస్తే గ్లూకోజు ఇచ్చినా క్లోమం ఇన్సులిన్ వదలడం దాదాపు మానేసింది, మళ్ళీ ఇస్తే వదిలింది. అదే కొవ్వు ఏళ్ళ తరబడి ఎక్కువైతే ఆ కణాలే దెబ్బతింటాయని డల్లాస్‌లోనే రోజర్ అంగర్ వాదించాడు. కొవ్వు కావాలి, కానీ ఎక్కడ కావాలన్నది ముఖ్యం.

ఇక్కడే నాకు కళ్ళు తెరుచుకున్నది. ఒంట్లో కొవ్వు ఎంతుంది అనేదానికన్నా ఎక్కడుంది అనేది పెద్ద ప్రశ్న. లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బుంది, అందులో మనిషికి చర్మం కింద కొవ్వే ఉండదు, చూడ్డానికి నరాలు తేలి కనిపిస్తారు. కొవ్వే జబ్బుకి మూలమైతే వీళ్ళకి షుగర్ రాకూడదు. కానీ వీళ్ళకి వచ్చేది మొండి షుగర్, లివర్ నిండా కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు వేలల్లో. అలాంటి ఎలుకలకి మామూలు ఎలుక కొవ్వు ముక్కని ఒంట్లో అతికిస్తే షుగర్ దిగింది. ఇది చదివాక మా తాతగారింటి గాదె గుర్తొచ్చింది. వడ్లు గాదెలో ఉన్నంతకాలం సిరి. గాదె నిండిపోయినా, గాదె లేకపోయినా ఆ వడ్లు నట్టింట్లో పోస్తారు, వంటింట్లో పోస్తారు, నడవడానికి దారి ఉండదు. చర్మం కింది కొవ్వు గాదె, లివరూ కండరమూ క్లోమమూ వంటిల్లు. పయోగ్లిటజోన్ మాత్ర ఇదే పని చేస్తుంది, గాదె పెంచి వంటిల్లు ఖాళీ చేస్తుంది, మనిషి కాస్త బరువు పెరిగినా షుగర్ తగ్గుతుంది. దుష్ఫలితాల భయంతో 2013 జూన్‌లో మన దేశంలో దాన్ని ఆపేసి, మరుసటి నెలలోనే హెచ్చరిక అచ్చువేయాలన్న షరతుతో మళ్ళీ అనుమతించారు.

మనవాళ్ళ గాదె చిన్నది. 2004లో లాన్సెట్‌లో ఒక ఫొటో వచ్చింది, ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు, పుణె నుంచి యాజ్ఞిక్, లండన్ నుంచి యడ్కిన్. ఇద్దరి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) ఒకటే, 22.3. యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. "సన్నగా ఉన్నాడు, వాడికెందుకొచ్చింది షుగర్" అని మనం పెళ్ళిళ్ళలో ఆశ్చర్యపోతుంటాం కదా, ఆ ఆశ్చర్యానికి సగం జవాబు ఆ ఫొటోలో ఉంది. కాళ్ళూ చేతులూ సన్నగా, పొట్ట మాత్రం ముందుకి, లివర్‌లో కొవ్వు. మా మామయ్య సరిగ్గా అంతే, 64 కిలోలు. 2023లో అచ్చయిన ఐసీఎమ్మార్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే లెక్కలో దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉన్నవాళ్ళున్నారు, అందులో ఇలాంటి శరీరాలు ఎన్నో.

అలాగని మెక్‌గారీ వాదన అన్నిటికీ తాళంచెవి కాదు, దానికి ఎదురు తిరిగే సంగతులూ ఉన్నాయి. రోజూ మైళ్ళకొద్దీ పరిగెత్తేవాళ్ళ కండరాల్లోనూ కొవ్వు దండిగా ఉంటుంది, కానీ వాళ్ళకి ఇన్సులిన్ చక్కగా పనిచేస్తుంది. వాళ్ళది వచ్చి పోయే కొవ్వు, మనది వచ్చి కూర్చున్న కొవ్వు. ఇంకోటి, మలోనైల్ కోఏ తయారీని మందుతో ఆపేస్తే రేవు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కదా, లివర్ ఖాళీ అవుతుంది కదా అని మనుషుల మీద ప్రయత్నించారు. లివర్‌లో కొవ్వు నిజంగానే తగ్గింది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు మాత్రం పెరిగి కూర్చున్నాయి. ఒక కన్నం మూస్తే ఇంకో కన్నం తెరుచుకుంది. ఇక ఇన్సులిన్ ముందు పెరిగిందా, అది పనిచేయకపోవడం ముందు వచ్చిందా అన్న గొడవ కోడి ముందా గుడ్డు ముందా అన్నట్టు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. చక్కెరని తీసిపారేయడానికీ లేదు, కళ్ళూ కిడ్నీలూ నరాలూ పాడయ్యేది ఆ ఎక్కువైన చక్కెర వల్లే, అందుకే మీటర్ పక్కన పెట్టమని ఎవరూ అనరు, నేనూ అనను.

మెక్‌గారీకి 2001లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ బాంటింగ్ ఉపన్యాసం ఇచ్చే గౌరవం దక్కింది. ఇన్సులిన్ కనిపెట్టినాయన పేరు మీద ఉన్న వేదికెక్కి టైప్ 2కి మూలం కొవ్వు గాడి తప్పడంలో ఉందని చెప్పాడు. ఆ ఉపన్యాసం 2002 జనవరిలో డయాబెటిస్ పత్రికలో అచ్చయింది, ఆ ఏడాదే ఆయన పోయాడు. ఆ తర్వాత న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ చేసింది ఆయన చూసి ఉంటే బాగుండేదనిపిస్తుంది. 2011లో పదకొండు మంది టైప్ 2 పేషెంట్లకి ఎనిమిది వారాలు రోజుకి 600 క్యాలరీల తిండి పెట్టి చూస్తే, వారంలోనే లివర్ కొవ్వు బాగా దిగి ఫాస్టింగ్ షుగర్ మామూలుకి వచ్చింది, ఎనిమిది వారాలకి క్లోమంలో కొవ్వూ తగ్గింది. తర్వాత పెద్ద ఎత్తున చేసిన 'డైరెక్ట్' అనే పేరున్న ప్రయోగంలో ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండా షుగర్ లేని స్థితికి వచ్చారు, రెండేళ్ళకి అది 36 శాతం. వీళ్ళంతా జబ్బు వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళు, డాక్టర్ల కనుసన్నల్లో చేశారు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు ఇది చదివి రేపటి నుంచి పస్తులు మొదలుపెడితే కళ్ళు తిరిగి పడిపోతారు, దయచేసి ఆ పని చేయకండి.

మామయ్యకి ఇదంతా చెప్పలేదు, గాదె సంగతి మాత్రం చెప్పాను, రైతు కాబట్టి వెంటనే పట్టాడు. "అయితే కాఫీలో చెంచాడు పంచదార ఆపితే సరిపోదన్నమాట, రాత్రి పళ్ళెంలో అన్నం సంగతి చూడాలి" అన్నాడు. ఒంటి అవసరం తీరాక మిగిలిపోయే అన్నమే లివర్‌లో కొవ్వుగా మారుతుందని నేననకముందే.

ఒక్క విషయం మిగిలింది, అది ఈమధ్య ఎక్కువమంది వాడుతున్న మందు గురించి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చక్కెరని మూత్రంలోకి వదిలేస్తాయి. మంచి మందులే, గుండెకీ కిడ్నీకీ మేలు చేస్తాయి. కానీ చక్కెర అలా పోతుంటే ఇన్సులిన్ తగ్గుతుంది, గ్లూకగాన్ పెరుగుతుంది, 1977లో చెప్పిన ఆ రేవు తెరుచుకుంటుంది. ఆపరేషన్ ముందు పస్తున్నప్పుడో, వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఏమీ తినలేనప్పుడో కొద్దిమందికి కీటోన్లు ప్రమాదస్థాయికి చేరతాయి. ఆ సమయంలో వేలు గుచ్చి చూస్తే మీటర్‌లో 160, 180 మాత్రమే ఉండొచ్చు, ఇంట్లోవాళ్ళు "షుగర్ బాగానే ఉందిగా" అని టెన్షన్ లేకుండా పడుకోబెడతారు. ఈ మాత్రలు వేసుకునేవాళ్ళకి కడుపునొప్పి, వాంతులు, ఆయాసం కలిసి వస్తే మీటర్ ఎంత చూపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళి, వేసుకునే మాత్ర పేరు చెప్పి, కీటోన్లు చూడమని అడగండి. ఊపిరిలో మగ్గిన పళ్ళ వాసన వస్తుంటే అది కూడా చెప్పండి.